నలభై ఆరు బాతుల బందోబస్తు

ఆ గురువారం లోర్న్ హచింగ్స్ వేసుకున్న ప్రణాళికలో బాతులు లేవు. ఏడింటికి పచ్చిక కోయడం, ఎనిమిదింటికి దాని మీద రోలరు తిప్పడం, తొమ్మిదింటికి దారాలు లాగి వరసలు సరిచూడడం, పదింటికి ఇంటికొచ్చి తెల్లప్యాంటు వేసుకోవడం, పదకొండింటికి మున్సిపాలిటీ నుంచి వచ్చే ఆవిడ ఎదుట నిటారుగా నిలబడడం. ఈ అయిదు పనులనూ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నాడు. ఆరున్నర నుంచి దాని ముందే నిలబడి ఉన్నాడు.

"ఓట్స్ జావ చల్లారిపోతోంది," అంది అతని భార్య నొరీన్.

"ఆకలిగా లేదు."

"నలభై ఎనిమిదేళ్లలో ఆ కాగితాన్ని చూసినట్టు నన్నొక్కసారి చూశావా? కూర్చుని రెండు చెంచాలు తిని వెళ్లు. కడుపు కాలుతుంటే ఆవిడతో ఏదో ఒకటి అనేస్తావ్."

లోర్న్ కూర్చోలేదు. నిలబడే రెండు చెంచాలు తిని, మూడోది గిన్నెలోనే వదిలేసి బయల్దేరాడు. అతని కంగారుకు కారణం ఉంది. ఒంటారియోలో సరస్సు ఒడ్డున ఉన్న మా వెన్‌లాక్ ఊళ్లో బౌల్స్ క్లబ్బు ఒకటుంది. బౌల్స్ అంటే, తెల్లబట్టలు వేసుకున్న పెద్దవాళ్లు పచ్చిక మీద నల్లటి బరువైన బంతుల్ని దొర్లించి, దూరాన ఉన్న చిన్న తెల్లబంతికి ఎవరిది దగ్గరగా వెళ్లిందో చూసుకునే ఆట. తేడా వస్తే టేపు పెట్టి కొలుస్తారు, కొలిచాక ఒకరికొకరు క్షమాపణ చెప్పుకుంటారు. క్లబ్బులో ఇరవై ఆరుమంది సభ్యులున్నారు. అందులో పందొమ్మిదిమంది ఇంకా వంగగలరు.

ఆ స్థలం మున్సిపాలిటీది. ఈ ఏటితో ఒప్పందం ముగుస్తుంది. ఆ పచ్చిక తీసేసి సిమెంటు పోసి, టెన్నిస్ లాంటి పికిల్‌బాల్ ఆటకు కోర్టులు కట్టమని ఊళ్లో మూడువందలమంది సంతకాలు పెట్టి ఇచ్చారు. అందుకని పార్కుల విభాగం నుంచి ఉత్తరం వచ్చింది: గురువారం పదకొండు గంటలకు తనిఖీ, పచ్చిక ఆటకు పనికొచ్చేలా ఉంటే ఒప్పందం పొడిగిస్తాం, లేకపోతే లేదు. నీటి సరఫరాలో పనిచేసి రిటైరైన లోర్న్ పందొమ్మిదేళ్లుగా ఆ పచ్చికను జీతం లేకుండా సాకుతున్నాడు. తివాచీ కన్నా పొట్టిగా, బంతి దొర్లితే చప్పుడు రాకుండా ఉండే గడ్డి అది. పిల్లల్లేని లోర్న్‌కు ఆ గడ్డి అంటే ఏమిటో ఊరందరికీ తెలుసు, అతను మాత్రం ఎవరితోనూ ఆ మాట అనలేదు.

ఇక బాతులు. మా ఊరి సరస్సు నిండా అడవి బాతులే. పూర్వం చలికాలానికి దక్షిణాదికి పోయేవట; ఇప్పుడు ఇక్కడే బాగుందని తీర్మానించుకున్నాయి. ఒడ్డున గుడ్లు పెడతాయి, రోడ్డు మీద వరసగా నడిచి కార్లను ఆపుతాయి, నడిచినంత మేరా రెట్ట వేస్తాయి. లోర్న్ పచ్చిక చుట్టూ రెండడుగుల ఎత్తు వలకంచె కట్టాడు. ఎగిరే పక్షిని రెండడుగుల కంచె ఏం ఆపుతుందని కొత్తవాళ్లు నవ్వుతారు. జూన్ నెలలో ఆ బాతులు రెక్కల ఈకలు రాల్చుకుంటాయి. కొత్తవి వచ్చేదాకా నాలుగు వారాలు ఎగరలేవు, నడవాల్సిందే. పిల్లలకు ఎటూ ఇంకా రెక్కలే రావు. కాబట్టి జూన్‌లో రెండడుగులు చాలు.

ఈ ఈకల సంగతి క్లబ్బు అధ్యక్షురాలు మ్యూరియల్ టిబెట్స్‌కు తెలియదు. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్లు, ముప్ఫయ్యేళ్లు కోర్టులో గుమాస్తాగా చేసింది. చట్టాలు తెలుసు, పక్షులు తెలియవు. బుధవారం సాయంత్రం ఆమె కార్లు ఆపేచోటు నుంచి క్లబ్బు దాకా ఉన్న దారిని చూసింది. అక్కడ రెట్ట లేకుండా అడుగు పెట్టే సందు లేదు. తనిఖీకి వచ్చే ఆవిడ ముందు నడవాల్సింది ఆ దారి మీదే కదా అనుకుంది. దారి కడిగిస్తే సరిపోదు, పొద్దున్నే బాతుల్ని తరిమేస్తేనే పదకొండింటికి శుభ్రంగా ఉంటుందని నిశ్చయించింది. లోర్న్‌కు చెప్తే మరింత కంగారుపడతాడని చెప్పలేదు. ఎదుటివాళ్లకు చెప్పకుండా సాయం చేయడం మా ఊరివాళ్లకున్న జబ్బు.

ఊరి చివర గొర్రెల్ని పెంచే బ్రిట్ అనే అమ్మాయికి ఫోన్ చేసి, కుక్కను తీసుకురమ్మంది. కుక్క పేరు టాన్సీ. బ్రిట్‌కు గొర్రెల గురించి తెలియనిది లేదు, గొర్రెలు ఎగరవు కాబట్టి ఎగరడం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఏడున్నరకు లోర్న్ గడ్డి కోయడం ముగించాడు. రోలరు లోపలికి తేవాలని గేటు రెండు రెక్కలూ బార్లా తీసిపెట్టి, వెనక షెడ్డులోకి వెళ్లి దాని మోటారుతో కుస్తీ పడుతున్నాడు. సరిగ్గా అప్పుడే బ్రిట్ టాన్సీని సరస్సు ఒడ్డున వదిలి, తను నడుచుకుంటూ వచ్చి గేటు దగ్గర మ్యూరియల్ పక్కన నిలబడింది.

"ఏం కాదు మిసెస్ టిబెట్స్, ఒక్కసారి అదిలిస్తే చాలు. లేచి సరస్సు అవతలికి పోతాయి."

"ఒక్క ఈక కూడా దారి మీద ఉండకూడదమ్మా."

బ్రిట్ ఈల వేసింది. టాన్సీ నీటి ఒడ్డు వెంబడి చుట్టు తిరిగి మంద వెనక్కి చేరింది. బాతులు నీళ్లలోకి పోదామని చూశాయి, నీళ్లకూ తమకూ మధ్య కుక్క ఉంది. ఎగరడానికి రెక్కలు ఆడించాయి, కాళ్లు నేల వదల్లేదు. గొర్రెలకుక్కకు తెలిసిన పని ఒక్కటే: మందను చెదరనీయకుండా తెచ్చి యజమాని కాళ్ల దగ్గర నిలబెట్టడం. యజమాని గేటు దగ్గర ఉంది. నలభై ఆరు బాతులు, పెద్దవీ పిల్లలూ, మెడలు నిక్కించి బిలబిలమంటూ వాళ్ల మీదికి వచ్చాయి.

"బ్రిట్, ఇవి ఎగరడం లేదు."

"ఎగురుతాయండీ. కాస్త వేగం అందుకోవాలి."

వేగం అందుకున్నాయి. ఇద్దరూ చెరోపక్కకీ దూకారు. మంద గేట్లోంచి నేరుగా పచ్చిక మీదికి వెళ్లింది. మ్యూరియల్ బెంచీ మీద కూలబడి గుండె పట్టుకుంది. బ్రిట్ టాన్సీని వెనక్కి పిలుస్తోంది, అది వినడం లేదు.

అప్పుడు వచ్చాడు ఎర్విన్ క్లాసెన్. ఎనభై నాలుగేళ్ల క్లబ్బు కార్యదర్శి. గేటుకున్న బోర్డు ఆయన స్వహస్తాలతో రాసిందే: 'గేటు మూసి వెళ్లండి. మీ సహకారానికి కృతజ్ఞతలు.' గేటు బార్లా తెరిచి ఉండడం చూసి ఆయన మనసు చివుక్కుమంది. ఎవరినీ ఏమీ అనకుండా రెండు రెక్కలూ దగ్గరికి లాగి గడియ పెట్టి, గట్టిగా పడిందో లేదో ఊపి చూశాడు.

"ఎర్విన్, ఏం చేశావ్?" అంది మ్యూరియల్ బెంచీ మీంచే.

"గేటు మూశాను. ఎవరో తీసి వదిలేశారు."

"లోపలికి చూశావా?"

ఎర్విన్ కళ్లద్దాలు సరిచేసుకుని చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. "వీళ్లెవరూ చందా కట్టినట్టు లేరే," అన్నాడు.

మోటారు స్టార్టయ్యాక రోలరు నడుపుకుంటూ షెడ్డులోంచి బయటికొచ్చిన లోర్న్ మూడడుగులు వేసి ఆగిపోయాడు. చేయి దానంతటదే మోటారు ఆపేసింది. అతని పచ్చిక నడిమధ్యన, బంతులు దొర్లించే వరసల్లో అన్నిటికన్నా మంచిదాని మీద, నలభై ఆరు బాతులు గుంపుగా నిలబడి రెట్ట వేస్తున్నాయి. భయపడ్డ బాతు వేసే రెట్ట మామూలు రెట్టకు రెండింతలు ఉంటుంది. లోర్న్‌కు అరవాలనిపించింది, ఏడవాలనీ అనిపించింది. రెండూ చేతకాక గడియారం చూసుకున్నాడు. ఎనిమిదికి అయిదు నిమిషాలు తక్కువ.

"తప్పు నాది లోర్న్," అంది బ్రిట్. "క్షమించండి."

"లేదు లేదు, నాది," అంది మ్యూరియల్.

"గేటు మూసింది నేను కాబట్టి..." అని మొదలుపెట్టాడు ఎర్విన్.

"తప్పులు తర్వాత పంచుకుందాం," అన్నాడు లోర్న్. "ఇంకా మూడు గంటల టైముంది. అమ్మాయ్, ముందా కుక్కను కార్లో పెట్టు. ఎర్విన్, నువ్వు గేటు తియ్యి. నేను వెనకనుంచి మెల్లగా నడిపిస్తా. పదినిమిషాల్లో బయటికి పోతాయి. తర్వాత ఒక గంట కడిగి, ఒక గంట ఆరనిస్తే, పదిన్నరకు రోలరు తిప్పొచ్చు."

లెక్క సరిగ్గానే ఉంది. టాన్సీని కార్లో పెట్టారు. లోర్న్ కంచె దాటి లోపలికి వెళ్లి, మంద వెనకగా నిలబడి చేతులు చాపాడు. బాతులు గేటు వైపు తిరిగాయి. ఎర్విన్ గడియ మీద చేయి వేశాడు. ఆ సరికి మ్యూరియల్ క్లబ్బు గదిలోకి వెళ్లి బయటికొచ్చింది.

"ఆగండి. గేటు తియ్యొద్దు."

"ఏమైంది?"

"వాటిని అదిలించొచ్చు, తరమొచ్చు. దానికి అడ్డు లేదు. కానీ పట్టుకోకూడదు, బంధించకూడదు. అలా చెయ్యాలంటే అనుమతి కావాలి. చుట్టూ కంచె, గేటుకి గడియ. దాన్ని బంధించడమే అంటారు లోర్న్. లోపల గోడకి అంటించిన వన్యప్రాణి నిబంధనల కాగితం మళ్లీ చదివొచ్చాను."

"గడియ తీస్తే బంధం వదిలిపోయినట్టేగా. ఎవరికి తెలుస్తుంది?"

మ్యూరియల్ నేల చూపులు చూసింది. లోర్న్‌కు విషయం అర్థమై చేతులు మెల్లగా కిందికి దిగాయి.

"ఫోన్ చేసేశావా?"

"వన్యప్రాణి శాఖకి. మేం అనుమతి లేకుండా నలభై ఆరు బాతుల్ని పట్టాం, క్షమించండి అని చెప్పాను. చెప్పకపోతే నాకు అన్నం ఎలా దిగుతుంది? వాళ్లు చాలా మర్యాదగా మాట్లాడారు. పదిన్నరకల్లా అధికారి వస్తాడట. అప్పటిదాకా తరమొద్దు, తాకొద్దు, వదలొద్దు, ఎలా ఉన్నవి అలాగే ఉంచమన్నారు."

ఇంటిదొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. మా ఊళ్లో ఈశ్వరుడికి ఆ శ్రమ ఉండదు, దొంగే ఫోన్ చేసి చిరునామా చెబుతాడు. లోర్న్‌కు అప్పుడు మ్యూరియల్ మీద వచ్చినంత కోపం పందొమ్మిదేళ్లలో ఏ బాతు మీదా రాలేదు. కానీ ఆమె స్థానంలో ఉంటే తనైనా అదే చేసేవాడని తెలుసు, అందుకే ఆ కోపం ఎటూ పోలేక లోపలే ఉండిపోయింది.

"నలభై ఆరని లెక్క కూడా చెప్పావా?" అన్నాడు చివరికి.

"అడిగారు. అబద్ధం చెప్పనా? పద్దెనిమిది పెద్దవి, ఇరవై ఎనిమిది పిల్లలు. ఇప్పుడు అధికారి వచ్చేసరికి నలభై అయిదుంటే ఏమనుకుంటాడు? ఒకదాన్ని వండుకుతిన్నాం అనుకోడూ?"

అంతే, పని తిరగబడింది. పొద్దున్నుంచి బాతులు రాకూడదని చూసినవాళ్లు, ఎనిమిదిన్నరనుంచి బాతులు పోకూడదని కాపలా కాయడం మొదలుపెట్టారు. తనిఖీ ఆవిడ ముందు కళగా కనబడాలని తొమ్మిదింటికి తెల్లబట్టల్లో దిగిన సభ్యులందరినీ మ్యూరియల్ కంచె చుట్టూ పదిగజాలకొకరిని నిలబెట్టింది. ఎర్విన్‌కు గేటు అప్పగించారు. బ్రిట్ వెళ్లిపోతానంది గానీ, సాక్షివి నువ్వు, వెళ్లడానికి వీల్లేదని ఆపేశారు.

కాసేపటికి బాతులకు భయం తీరింది. భయం తీరాక ఆకలేసింది. తలలు వంచి మేయడం మొదలుపెట్టాయి. వాటికి లేత గడ్డి ఇష్టం. ఈ చుట్టుపక్కల యాభై మైళ్లలో అంతకన్నా లేత గడ్డి లేదు. కంచే చేను మేసిందంటారు. ఈ కంచె పాపం ఏమీ మేయలేదు, మేసేవాళ్లకు కాపలా మాత్రం కాసింది. చిటుక్కు చిటుక్కుమని గడ్డి తెగే చప్పుడు లోర్న్‌కు కంచె బయటికి వినబడుతోంది. కాసేపు విని, వినలేక వెళ్లి షెడ్డు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

తొమ్మిదిన్నరకు నొరీన్ రొట్టెముక్కలూ ఫ్లాస్కూ తీసుకుని వచ్చింది. సంగతంతా వింది. ఎండలో నోళ్లు తెరిచి రొప్పుతున్న పిల్లల్ని చూసి, క్లబ్బులోంచి రెండు తొట్లు తెచ్చి నీళ్లు పోసి లోపల పెట్టింది.

"నువ్వు వాటికి అతిథి మర్యాదలు చేస్తున్నావా?" అన్నాడు లోర్న్.

"చచ్చిపోతే ఆ అధికారికి నువ్వు సమాధానం చెప్తావా? ఇదిగో, ఈ రొట్టె తిను. పొద్దున మూడో చెంచా కూడా వదిలేశావ్."

"అయిపోయింది నొరీన్. ఆవిడ వచ్చి చూడ్డమే ఆలస్యం."

"అయితే అయింది. ముందు తిను," అని అతని చేతిలో రొట్టెముక్క పెట్టి, చేయి అక్కడే కాసేపు ఉంచింది.

పదినిమిషాలకోసారి మ్యూరియల్ లెక్క పెడుతోంది. నలభై ఆరు. నలభై ఆరు. నలభై ఆరు. పదీ పదికి ఆమె గొంతు మారింది. "నలభై అయిదు," అంది. మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ నలభై అయిదే. లోపల ఒక పెద్ద మగబాతు కంచె వెంబడి అటూ ఇటూ పరుగులు పెడుతూ అరుస్తోంది. కింద వల ఒకచోట చిరిగి పిడికెడంత సందు ఉంది.

తెల్లబట్టల్లో ఉన్న పదిహేడుమంది పెద్దమనుషులు పొదల కింద, బెంచీల కింద, కార్ల కింద వెతకసాగారు. పావుగంటలో అధికారి వస్తాడు. తప్పు చేశామని ఒప్పుకోవడం వేరు, లెక్క తప్పు చెప్పామని తేలడం వేరు. మ్యూరియల్ ముఖం పాలిపోయింది. ముప్ఫయ్యేళ్ల నౌకరీలో ఆమె లెక్క ఎన్నడూ తప్పలేదు. చివరికి లోర్నే చూశాడు: దారి పక్కన హైడ్రేంజియా పూలమొక్క నీడలో పసుపుపచ్చని పిల్ల ఒకటి తాపీగా చీమల్ని చూస్తూ కూర్చుంది.

"ఎవరూ కదలొద్దు," అన్నాడు మెల్లగా. "అటు బెదిరిందా, రోడ్డు మీదికి పోతుంది."

"తాకకు లోర్న్," అంది మ్యూరియల్. "తాకితే అదో కేసు."

తాకకుండా, బెదరగొట్టకుండా, పదిహేను గజాలు నడిపించి ఆ పిడికెడు సందులోంచే లోపలికి పంపాలి. లోర్న్ మోకాళ్ల మీద కూర్చున్నాడు, తర్వాత చేతులు కూడా ఆనించాడు. టోపీ తీసి ఒకపక్క అడ్డంగా పట్టుకుని, పిల్ల వెనకే పాకడం మొదలుపెట్టాడు. అది రెండడుగులు వేస్తే అతనూ రెండడుగులు పాకుతాడు, అది ఆగితే ఆగుతాడు. డెబ్భై ఒక్కేళ్ల మోకాళ్లు, కిందంతా రెట్ట. కంచె దగ్గరికి చేరేసరికి లోపలున్న మగబాతు మెడ బయటికి సాచి అతని చెవి పట్టుకుంది. అరిస్తే పిల్ల పారిపోతుంది. లోర్న్ పళ్లు బిగించి, కళ్లవెంట నీళ్లు కారుతుండగా, చెవి దానికి వదిలేసి టోపీతో పిల్లను అంగుళం అంగుళం సందులోకి జరిపాడు.

"హచింగ్స్ గారేనా?" అంది ఒక గొంతు పైనుంచి.

లోర్న్ తల తిప్పలేకపోయాడు, చెవి ఇంకా బాతు నోట్లోనే ఉంది. అతనికి బురద అంటుకున్న ఒక జత బూట్లూ, కాగితాలు బిగించిన ఒక అట్టా కనిపించాయి. తనిఖీ అధికారిణి డెనీస్. అరగంటకు పైగా ముందే వచ్చేసింది.

"అవునండి," అన్నాడు నేల మీంచే.

"మీరు బాతుల్ని పచ్చిక మీదికి తోలుతున్నారా?"

"ఒక్కదాన్నేనండి. మిగతావి ముందే లోపల ఉన్నాయి."

పిల్ల లోపలికి దూరింది. బాతు చెవి వదిలేసింది. "నలభై ఆరు," అని మ్యూరియల్ నిట్టూర్చడం అందరికీ వినబడింది. లోర్న్ కంచె పట్టుకుని లేచి నిలబడ్డాడు. మోకాళ్ల నుంచి కిందికి ప్యాంటు రంగు మారిపోయింది, చెవి ఎర్రబడి ఉబ్బింది. డెనీస్ అతన్ని చూడలేదు. కంచెనీ, గేటునీ, లోపల నీళ్లు తాగుతున్న మందనీ చూస్తోంది. ఆమె ముఖంలో కోపం లేదు, కానీ మరేముందో ఎవరికీ అంతుబట్టలేదు. అట్ట చంకలో పెట్టుకుని ఫోన్ తీసి, కార్ల వైపు నాలుగడుగులు వేసింది.

"డెనీస్ గారూ, ఒక్కమాట," అన్నాడు లోర్న్. మామూలుగా కొత్తవాళ్లతో రెండు మాటలకు మించి మాట్లాడని మనిషి. "ఏం చూశారో అదే రాసుకోండి, నేను కాదనను. గేటు తెరిచిపెట్టింది నేనే. కానీ నిన్న సాయంత్రం మీరొచ్చుంటే... పందొమ్మిదేళ్లండీ. గడ్డిలో ఏ తప్పూ లేదు. ఆ ఒక్కటీ రాయండి చాలు."

"ఒక్క నిమిషం ఉండండి," అంది డెనీస్, ఫోన్ చెవికి పెట్టుకుంటూ. "ప్లీజ్, ఎవరూ గేటు తియ్యకండి."

ఆ ఒక్క నిమిషం పది నిమిషాలైంది. ఆమె ఫోన్‌లో ఏదో వేగంగా చెబుతోంది, మధ్యమధ్య వెనక్కి తిరిగి కంచె వైపు చేయి చూపిస్తోంది. పోలీసులకా, సిమెంటు పోసేవాళ్లకా అని ఎర్విన్ గొణిగాడు. అంతలో వన్యప్రాణి శాఖ ట్రక్కు వచ్చి ఆగింది. అధికారి దిగి, గేటు ముందు నిలబడి, పుస్తకం తెరిచాడు.

"వీటిని లోపలికి తోలిందెవరు?"

ఇంకో ఊళ్లో అయితే అందరూ ఆకాశం చూసేవారు.

"కుక్క నాది," అంది బ్రిట్.

"దాన్ని రప్పించింది నేను," అంది మ్యూరియల్.

"గడియ పెట్టింది నేను. ఊపి కూడా చూశాను," అన్నాడు ఎర్విన్.

"కంచె నాది," అన్నాడు లోర్న్.

"నీళ్లు పెట్టింది నేను," అంది నొరీన్. "అదీ నేరమైతే రాసుకోండి."

అధికారి అన్నీ రాసుకున్నాడు. అప్పుడు డెనీస్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చి, బ్రిట్ ముందు నిలబడింది. "ఎంతసేపు పట్టింది?" అని అడిగింది.

"దేనికండి?"

"ఇవన్నీ లోపలికి పోవడానికి."

"నాలుగు నిమిషాలు. అయిదేమో. ఎక్కువే అయ్యిందండీ, టాన్సీకి బాతులు కొత్త."

డెనీస్ కళ్లు మూసుకుంది. అధికారి ఎందుకో దగ్గి, అటు తిరిగి సరస్సు వైపు చూశాడు.

"పొద్దున అయిదింటినుంచి నేను సరస్సు అవతలి ఒడ్డునే ఉన్నాను," అంది డెనీస్. "పద్నాలుగుమంది, మూడు పడవలు, వలలు. ఈ వారంలో ఇది మూడోసారి. ఎటునుంచి పోయినా నీళ్లలోకి దిగిపోతాయి. వీటి రెట్ట వల్ల జనం ఈతకొట్టే ఒడ్డు మూసేసి నెల కావొస్తోంది. ఈకలు రాని రోజుల్లో పట్టి ఉత్తరాన చిత్తడి నేలలకు తరలించడానికి మున్సిపాలిటీ అనుమతి తీసుకుంది. ఆ అనుమతి రేపటితో ఆఖరు." ఆమె అధికారి వైపు తిరిగింది. "ఇది మున్సిపాలిటీ స్థలమే. ఆ అనుమతి దీనికీ వర్తిస్తుంది కదా?"

అధికారి పుస్తకంలో రాసినదంతా ఒకసారి చదువుకున్నాడు. "వర్తిస్తుంది," అన్నాడు. "అయితే ఇది నేరం కాదు. పని." అని పేజీ తిప్పేశాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నలభై ఆరు బాతులూ గాలి ఆడే పెట్టెల్లో లారీ ఎక్కాయి. మ్యూరియల్ ప్రతిదాన్నీ లెక్కపెట్టి సంతకం చేసింది. సభ్యులు చప్పట్లు కొట్టారు, ఎర్విన్ అందరికీ టీ పెట్టాడు. లోర్న్ మాత్రం టీ ముట్టుకోలేదు. డెనీస్ అట్ట తీసుకుని, ఒక్కతే పచ్చిక మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తోంది. అయిదు గంటలు మేసిన నేల, పెట్టెలు ఈడ్చిన గీతలు, రెట్ట. ఆమె రాసింది. రాసి, లోర్న్ దగ్గరికి వచ్చి కాగితం చూపించింది: 'ఆటకు పనికిరాదు.'

"క్షమించండి. మీరు మాకు ఎంత సాయం చేశారో నాకు తెలుసు. కానీ చూసిందే రాయాలి."

"రాయాల్సిందేనండి," అన్నాడు లోర్న్. "నేనైనా అదే రాసేవాణ్ణి."

ఆ రాత్రి అతను భోంచేయలేదు. తర్వాతి మూడు వారాలూ రోజూ పొద్దున్నే వెళ్లి, ఎవరూ ఆడని ఆ పచ్చికను కడిగాడు, విత్తనం చల్లాడు, నీళ్లు పెట్టాడు. సిమెంటు పోయబోయే నేలకు ఎందుకయ్యా చాకిరీ అని ఎవరూ అడగలేదు. ఏమని అడుగుతారు. నొరీన్ ఒకసారి దారిలో ఆగి, అతను వంగి విత్తనం చల్లడం చూసి, పలకరించకుండానే వెళ్లిపోయింది.

నాలుగో వారం మున్సిపాలిటీ కవరు వచ్చింది. లోర్న్ తెరవలేక దాన్ని బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లాడు. నొరీన్ కత్తితో చింపి, కళ్లద్దాలు పెట్టుకుంది.

"పదేళ్లు," అంది.

"ఏం పదేళ్లు?"

"ఒప్పందం పదేళ్లు పొడిగించారు. పికిల్‌బాల్ కోర్టులు ఐస్ స్కేటింగ్ మైదానం వెనక కడతారట. పచ్చికా, కంచే, షెడ్డూ యథాతథంగా ఉంచాలట. సంరక్షకుడిగా నీ పేరు రాశారు చూడు, స్పెల్లింగు తప్పు లేకుండా."

లోర్న్ కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. నొరీన్ అతన్ని కాసేపు అలా వదిలేసి, మిగతా కాగితాలు తిరగేసింది. మూడో పేజీ దగ్గర ఆగి, రెండుసార్లు చదివింది.

"లోర్న్, ఇంకా ఉంది. ఏటా జూన్‌లో ఆఖరి రెండు వారాలు, బాతుల్ని చేర్చే స్థలంగా దీన్ని కేటాయించారు. గేటు ఇంకో ఆరడుగులు వెడల్పు చేయాలట. మంద వచ్చే వేళకు సంరక్షకుడు స్వయంగా దగ్గరుండి తెరవాలట."

లోర్న్ ముఖం మీంచి చేతులు తీశాడు. ఆ ముఖంలో ఏడుపు ఆగింది, నవ్వింకా మొదలవలేదు.

"ఆగస్టుకల్లా గడ్డి కోలుకుంటుంది," అన్నాడు చివరికి. "ఇంకాస్త ముందుగా విత్తనం చల్లాలి, అంతే."

ఆ కొత్త ఒప్పందం తొమ్మిది పేజీలు. బాతులకు ఎంత నీడ ఉండాలో, ఎన్ని తొట్ల నీళ్లు పెట్టాలో, రోజుకు ఎన్నిసార్లు లెక్కపెట్టాలో అన్నీ వివరంగా ఉన్నాయి. క్లబ్బు సభ్యుల ప్రస్తావన మాత్రం అందులో ఒక్కచోటే వస్తుంది: ఆ రెండు వారాలూ వాళ్లు లోపలికి రాకూడదు.